ఊదుబత్తి కాలేదాకా

యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఏసోబుకు కారు కొనాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందో పోచంపల్లిలో ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకున్నారు. కొలువు అయిపోయినప్పుడు దవాఖాన వాళ్ళిచ్చిన పైకం అతన్ని ఊరికే కూర్చోనివ్వడం లేదని కొందరన్నారు. పెళ్ళాం పోయాక మతి చలించిందని కొందరన్నారు. పక్కింటి జానయ్య మగ్గం మీంచి తల ఎత్తకుండానే, ఇరవై నాలుగేళ్ళు స్టీరింగు పట్టిన చేతులకు దురద పుట్టింది, అంతకు మించి ఏమీ లేదని తేల్చేశాడు. అందరూ తలా కొంచెం నిజమే చెప్పారు. అసలు సంగతి మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఏసోబును ఎవరూ అడగలేదు.

అసలు సంగతి చాలా చిన్నది. అతనికి మాట్లాడే మనిషి కావాలి.

మిషన్ దవాఖాన వ్యాను నడిపిన ఇరవై నాలుగేళ్ళూ అతని వీపు వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు, పాము కరిచిన రైతులు, వాళ్ళ వెంట ఏడుస్తూ ఎక్కే చుట్టాలు. ఏడుపైనా అది మనిషి గొంతే. నయమైనవాళ్ళను ఇళ్ళ దగ్గర దింపడానికి వెళ్ళే రోజైతే ఇక చెప్పనక్కరలేదు. బర్రె ఈనిన సంగతి దగ్గర్నుంచి అల్లుడి అలకల దాకా అన్నీ అతని చెవిన పడేవి. అతను దారి మీంచి కళ్ళు తిప్పకుండా అన్నిటికీ జవాబు చెప్పేవాడు. వయసు మీరిందని మెడలో దండ వేసి ఇంటికి పంపిన ఏడాదే భార్య బిక్షమ్మ జ్వరంతో పోయింది. ఆమె కూడా ఆ దవాఖానలోనే ఆయా. పిల్లలు పుట్టలేదు. దవాఖాన ఇచ్చిన గది ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. పుట్టిన ఊరు కదా అని పోచంపల్లికి వచ్చి ఊరి చివర రెండు గదుల పెంకుటిల్లు చూసుకుని దిగాడు.

పోచంపల్లేమో పలకరింపుకు తీరిక లేని ఊరు. ఇంటింటా మగ్గం. మగవాళ్ళు నేస్తుంటే ఆడవాళ్ళు నూలు కండెలు చుడతారు, ముసలివాళ్ళు పోగుల చిక్కులు తీస్తారు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న మనిషి చూపంతా పోగు మీదే ఉంటుంది. తల ఎత్తితే చీర మీది పువ్వు చెదిరిపోతుంది. ఏసోబు ఏ గడప ముందో నిలబడి వానల సంగతి ఎత్తితే లోపలి నుంచి ఊ అనే జవాబు వచ్చేది, చెయ్యి మాత్రం ఆగేది కాదు. వాళ్ళ తప్పేమీ లేదు, అది వాళ్ళ బతుకు. పొద్దున లేచింది మొదలు ఊరంతా టకటకలాడుతుంటే, ఆ చప్పుడు మధ్య తన ఇల్లొక్కటే నోరు మూసుకుని ఉండేది. రోజు మొత్తం మీద అతను పది మాటలు మాట్లాడితే, అందులో నాలుగు జానయ్య మేకతో.

ఒకనాడు భువనగిరి బస్సు చీరల మూటలతో ఉన్న అయిదుగురు నేతగాళ్ళను వదిలేసి పోవడం చూశాడు. బస్సు నిండిపోయింది. వాళ్ళు దుమ్ములో నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మగ్గం మీద తీరిక లేని ఆ మనుషులకే దారిలో బోలెడు తీరిక ఉంటుందని ఏసోబుకు అప్పుడు తట్టింది. ఒక చిన్న కారు ఉంటే వాళ్ళను కిరాయికి తీసుకుపోవచ్చు. పోతూ నలుగురు, వస్తూ నలుగురు. మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నేతగాడికి మాట్లాడడం తప్ప వేరే పని ఉండదు. కిరాయి పెట్రోలుకు వస్తే చాలు. ఆ రాత్రి అతనికి చాలా రోజుల తరువాత హాయిగా నిద్ర పట్టింది.

ఇక అక్కణ్ణుంచి కనబడ్డవాళ్ళందరినీ అడగడం మొదలుపెట్టాడు. కొత్త కారు మాట తలవడానికి లేదు, పేరు రాయించుకున్నవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు. తన వంతు వచ్చేసరికి తనుంటాడో ఉండడో. పాత కార్లేమో ఎంత తిరిగాయో అమ్మేవాడికి కూడా తెలియదు. అలా రెండు నెలలు గడిచాక, భువనగిరి బస్సు నడిపే బాలస్వామి ఒక కబురు తెచ్చాడు. భువనగిరిలో ఒక వకీలు గారి చిన్న విలాయతీ బండి ఉందట. గ్యాలనుకు నలభై మైళ్ళు ఇచ్చే రకం. వకీలు పోయి అయిదేళ్ళయింది. ఆయన భార్య అండాలమ్మ దసరా వెళ్ళాక హైదరాబాదులో తమ్ముడి ఇంటికి పోతున్నది, అక్కడ బండి పెట్టడానికి జాగా లేదు కాబట్టి అమ్ముతున్నది. పదేళ్ళ బండి అయిదు వేల మైళ్ళు కూడా తిరగలేదంటున్నారని బాలస్వామి చెప్పాడు. ఏసోబు నమ్మలేదు. మర్నాడు మొదటి బస్సుకే భువనగిరి వెళ్ళాడు.

ఇల్లు గుట్ట కింద, కోర్టు కచేరీ వెనక వీధిలో ఉంది. అండాలమ్మ యాభై దాటిన మనిషి, నుదురు బోసిగా ఉంది, గొంతు గట్టిది. పేరేమిటో, ఎవరు పంపారో, ఏం పని చేసేవాడో అడిగింది. మిషన్ దవాఖాన వ్యాను డ్రైవరునన్నాక కాస్త మెత్తబడి, తాళంచెవి తెచ్చి షెడ్డు తలుపు తీసింది.

బండిని చూసి ఏసోబు గడపలోనే ఆగిపోయాడు. ముదురు ఆకుపచ్చ రంగు, గుండ్రటి దీపాలు, డ్రైవరు కాక నలుగురు సర్దుకుని కూర్చునేంత జాగా. ఒంటి మీద ఒక్క గీత లేదు. మీటరు నాలుగు వేల ఎనిమిది వందల పన్నెండు చూపిస్తున్నది.

"ఎన్ని మైళ్ళు తిరిగిందో దాని మీదనే ఉన్నది, సూస్కో," అంది అండాలమ్మ. "మా ఇంట్ల అబద్ధాలాడే అలవాటు లేదు."

మీటరును వెనక్కి తిప్పే వాళ్ళ విద్యలు ఏసోబుకు తెలియనివి కావు. అందుకని అబద్ధం చెప్పలేని చోట్లు చూశాడు. క్లచ్చి, బ్రేకు పెడళ్ళ మీది రబ్బరు గళ్ళు అరగలేదు. స్టీరింగు నలుపు చేతుల కింద తెల్లబడలేదు. గేరు కొయ్య గుండు మీద అంకెలు నిన్న చెక్కినట్టున్నాయి. టైర్లు గాలి పోయి కూలబడ్డాయి కానీ వాటి మీది చారలు ఇంకా లోతుగానే ఉన్నాయి. మీటరు చెప్పింది నిజమే. వయసైతే వచ్చింది కానీ లోకం చూడని బండి. తన అదృష్టం మీద తనకే అనుమానం వచ్చింది ఏసోబుకు.

ఒకటి రెండు వింతలు కనిపించకపోలేదు. అయిదు వేల మైళ్ళు తిరగని బండికి డ్రైవరు సీటు అంతగా కుంగకూడదు. లోపలంతా ఊదుబత్తి వాసన, మీటరు పక్కన బూడిద మరకలు. బండికి రోజూ పూజ చేస్తారు కాబోలు అనుకున్నాడు. షెడ్డు వెనక గోడ నడుమెత్తు దాకా నల్లగా మసిబారి ఉంది. ఒకప్పుడు అక్కడ నీళ్ళు కాచేవాళ్ళేమో అనుకున్నాడు. కొనాలని మనసు పడ్డవాడికి కళ్ళు ఉంటాయి కానీ వాటి మాట వినే చెవులు ఉండవు.

బానెట్టు ఎత్తి ఆయిలు చూసే ఇనుప పుల్ల బయటికి లాగాడు. కొసకు తారులాంటిది అంటుకుని వచ్చింది. ఆయిలు ఎప్పుడు మార్పించారని అడిగితే అండాలమ్మ నొచ్చుకుంది. తను ఏదీ మార్చలేదనీ, ఆయన పెట్టినవన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయనీ కొంచెం గర్వంగా చెప్పింది. నిలబడ్డ బండిలో నిలవ ఆయిలు అలాగే ఉంటుంది, కడిగి పోస్తే సరి అని ఏసోబు తనకు తాను చెప్పుకున్నాడు. సంచీలోంచి కాలి పంపు తీసి నాలుగు టైర్లకూ గాలి కొట్టాడు. బ్రేకు మెత్తగా ఉంది కానీ హాండు బ్రేకు పట్టుకుంటున్నది. మెల్లగా పక్క ఊరు రాయగిరి దాకా పోయి వస్తే బండి సంగతి తెలిసిపోతుందన్నాడు.

"నేను గూడ వస్త," అంది అండాలమ్మ. "బండి కదిలి ఐదేండ్లాయె. కదులుతుంటే సూడాలె."

తాళం తిప్పి మీట లాగగానే ఇంజను అందుకుంది. అయిదేళ్ళు నిలబడ్డ బండి ఒక్క లాగుకే అందుకోవడం చూసి ఏసోబుకు ఆశ్చర్యమేసింది. బ్యాటరీ ఇంకా బతికి ఎలా ఉందో అర్థం కాలేదు. వెనక నుంచి నీలి పొగ లేచి ఆ మసిగోడను తాకింది. మొదటి గేరులో బయటికి తీశాడు. అండాలమ్మ వెనక సీట్లో కొంగు సర్దుకుని కూర్చుంది. కూర్చోగానే మాటలు మొదలుపెట్టింది.

ఎంత మాట్లాడిందంటే, ఊరు దాటేలోపు వకీలు గారి పెళ్ళినాటి షేర్వాణీ సంగతి అయిపోయింది. బండి కొన్న కొత్తలో యాదగిరిగుట్టకు పోయిన సంగతి, బయల్దేరగానే కచేరీ ముందు ఒక కోతి అద్దం మీద కూర్చుంటే ఆయన దానికి కోర్టులో వాదించినట్టు ఉర్దూలో నచ్చజెప్పిన సంగతి చెప్పింది. ఏసోబు నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. కోతికి ఉర్దూ వచ్చునా అని అడిగాడు. కచేరీ కోతి కదా, రాకుండా ఎలా ఉంటుందంది ఆమె. రెండేళ్ళలో అతనితో ఎవరూ ఇంతసేపు మాట్లాడలేదు. ఆమె గొంతులోని తొందర చూస్తే ఆమెతో కూడా ఎవరూ మాట్లాడుతున్నట్టు లేదు. ఇదిగో, నాకు కావలసింది ఇదే, ఈ సీటూ ఈ మాటలూ అనుకున్నాడు ఏసోబు.

కానీ పాదం కింద బండి వేరే సంగతి చెబుతున్నది. ఎంత తొక్కినా ఊపు రావడం లేదు. ఇంజను లోపల ఎక్కడో గులకరాళ్ళు కదిలినట్టు సన్నటి చప్పుడు. అద్దంలో చూస్తే వెనక దారి కనబడడం లేదు, పొగ. లక్ష మైళ్ళు తిరిగి ముసలిదైన దవాఖాన వ్యాను ఆఖరు రోజుల్లో సరిగ్గా ఇలాగే దగ్గేది. ఆ బండి లక్ష తిరిగింది. ఇది అయిదు వేలు కూడా తిరగలేదు. లెక్క కుదరక ఏసోబు బుర్ర వేడెక్కింది.

"ఇంత లటుక్కున స్టార్టయితదని అనుకోలేదమ్మా," అన్నాడు.

"ఎందుకు గాదు? దినాము నేనే చేస్త," అంది అండాలమ్మ. "ఆయన హైదరాబాదు దవాఖానకు పొయ్యేటప్పుడు ఒక్కటే మాట చెప్పిండు. బండిని దినాము స్టార్టు చెయ్యి, లేకుంటే పాడైతదన్నడు. తాళం ఎట్ల తిప్పాలెనో సూపెట్టిండు. ఇగ ఆయన రాలే. నేనైతే ఒక్క దినం తప్పలే."

"ఎంతసేపు నడిపిస్తరు?"

"ఊదుబత్తి కాలేదాక."

తరువాత ఆమె అంతా విడమరిచి చెప్పింది. కచేరీ అయ్యి ఆయన ఇంటికి వచ్చేది దీపాల వేళకు. ఆ వేళకే షెడ్డులోకి పోయి, ఆయన సీట్లో కూర్చుని, ఒక ఊదుబత్తి వెలిగించి మీటరు పక్కన గుచ్చుతుంది. ఇంజను స్టార్టు చేస్తుంది. బత్తి ఆఖరు దాకా కాలి బూడిద రాలాక ఆపుతుంది. పెట్రోలు పంపు దగ్గరి మనిషి నెలకోసారి డబ్బా తెచ్చి గేటు దగ్గర పెట్టిపోతాడు. నీళ్ళు పొయ్యడం కూడా ఆమే నేర్చుకుంది. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకుని వెళ్ళి కూర్చుంది. మొదట్లో ఆయన మాట నిలబెట్టాలని చేసింది. తరువాత తరువాత ఆ చప్పుడు వింటుంటే ఆయన ఇంకా గేటు దగ్గరే ఉన్నట్టు, బండి లోపలికి పెట్టి ఇప్పుడే ఇంట్లోకి వస్తాడన్నట్టు ఉండేదట. ఆ చప్పుడు ఆగాక ఇల్లు ఎలా ఉండేదో మాత్రం ఆమె చెప్పలేదు.

కుంగిన సీటు, బూడిద మరకలు, మసిగోడ, బతికున్న బ్యాటరీ అన్నీ ఏసోబుకు ఒక్కసారిగా అర్థమైపోయాయి. అయిదేళ్ళు, రోజూ ముప్పావు గంట. అడుగు కదలకుండా, ఆయిలు మార్చకుండా, మూసిన షెడ్డులో. చక్రాలకు పని పడితే కదా మీటరు కదిలేది. మైళ్ళ లెక్క నిజమే, కానీ ఇంజను దాని ఆయుష్షంతా ఉన్నచోటే తిరిగేసింది.

చెరువు కట్ట దాటాక దారి ఎత్తెక్కుతుంది. పెద్ద ఎత్తేమీ కాదు, ఎడ్లబండి కూడా ఆగకుండా ఎక్కుతుంది. సగం దూరంలో బండి రొప్పడం మొదలుపెట్టింది. ఏసోబు మొదటి గేరులో వేశాడు. అయినా మనిషి నడకకంటే మెల్లగా పోతున్నది. ఎందుకింత నెమ్మది అని అండాలమ్మ అడిగితే, పాత టైర్లు కదా, మీరు కూర్చున్నారు కదా, జాగ్రత్తగా పోతున్నానన్నాడు. ఆమె సంతోషించింది. ఆయన కూడా ఇలాగే జాగ్రత్తగా నడిపేవాడంది. ఎత్తు ఎక్కకుండానే ఏసోబు బండి వెనక్కి తిప్పాడు.

తిరుగు దారిలో అతనికి ఆమె మాటలూ వినిపిస్తున్నాయి, ఇంజను లోపలి గులకరాళ్ళూ వినిపిస్తున్నాయి. ఒకదాని కోసం రెండోది భరించవచ్చా అని ఆలోచించాడు. అరిగిన ఇంజనును బోరు చేయించి బాగు చెయ్యాలంటే హైదరాబాదు లాక్కుపోవాలి, విలాయతీ సామాను దొరకదు, దొరికినా దవాఖాన పైకం బండి ధరకే సరి. చేయించకుండా నడిపితే నెల రోజులు నడుస్తుందేమో. నలుగురు నేతగాళ్ళను మూటలతో సహా నడిదారిలో దింపితే, రెండోసారి ఎవరు ఎక్కుతారు? మళ్ళీ ఆ గడపల ముందు నిలబడడమే. ఇంకో బండి ఈ ధరకు ఎక్కడా రాదు. నిన్నటి దాకా కారు లేదన్న బాధ ఒక్కటే ఉండేది. ఇప్పుడు దానిలో కూర్చున్న మనిషి గొంతు విన్నాక, ఆ లేకపోవడం ఎంత పెద్దదో కొలతతో సహా తెలిసింది.

షెడ్డులో బండి ఆపి దిగాడు. అండాలమ్మ కూడా దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడింది.

"నేను మంచిగ సూస్కున్ననా, ఏసోబు?"

ఆ అడగడంలో బేరం లేదు. బడిపిల్ల పలక చూపించినట్టు అడిగింది. అయిదేళ్ళుగా ఈ మాట అడగడానికి ఆమెకు ఎవరూ దొరకలేదు. ఏసోబు తల ఊపాడు.

"మంచిగ సూస్కున్నరమ్మా."

"మరి తీస్కుంటవా?"

"నాకొద్దమ్మా," అన్నాడు, మసిగోడ వంక చూస్తూ. "బండి మంచిదే. నాకే ఒద్దు."

ఎందుకని అడిగితే చెప్పలేక నీళ్ళు నమిలాడు. కిరాయికి పెద్ద బండి ఉంటే బాగుంటుందేమోనని ఏదో అన్నాడు. ఆ మాట అతని చెవికే అతకలేదు. అండాలమ్మ బానెట్టు మీంచి చెయ్యి తీసేసింది. మొహంలో రంగు మారింది.

"నాకు తెల్వదనుకుంటున్నవా," అంది. "ముందుగాల ఇద్దరొచ్చిండ్రు. బండి ఎవరిదని అడిగిండ్రు. ఆయన లేడని చెప్పిన. గేటు కాడ్నుంచే మళ్ళిపోయిండ్రు. ముండమోపి చేతి బండి, బోణీకి అచ్చిరాదు, అంతేనా? వాళ్ళంటే సరే. నువ్వు ఏసుప్రభువును నమ్మినోనివి. నీకు గూడ పట్టింపేనా?"

ఏసోబు కొయ్యబారిపోయాడు. ఆమెకు ఒక దెబ్బ తప్పించబోయి, అంతకంటే పెద్ద దెబ్బ కొట్టాడు. నిజం చెబితే, మొగుడి బండిని నీ చేతులతో నువ్వే పాడు చేశావని చెప్పినట్టు. చెప్పకపోతే, నీ మొహమే అపశకునమని ఒప్పుకున్నట్టు. ఆమె చెయ్యని తప్పు మొయ్యడం కంటే చేసిన పొరపాటు మొయ్యడం నయమని అతనికి తోచింది. పొరపాటు ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, అపశకునమన్న ముద్రను ఆ మనిషి ఎక్కడికి పోయి కడుక్కుంటుంది?

"కాదమ్మా. దేవుని మీద ఒట్టు, గది గాదు," అన్నాడు. "ఇంజను పోయింది."

ఇనుప పుల్ల తీసి చూపించాడు. వెనక గోడ మీది మసి చూపించాడు. బండి తిరగకపోయినా ఇంజను తిరుగుతుందనీ, ఆయిలు చచ్చిపోతే లోపల ఇనుము ఇనుమును తింటుందనీ, స్టార్టు చేసి అయిదు నిమిషాలుంచి నాలుగు వీధులు తిప్పుకొస్తే బాగుండేదనీ చెప్పాడు. చెప్పినంతసేపూ అతని కళ్ళు నేల మీదే ఉన్నాయి. ఆమె అన్నీ వింది.

"అంటే నేనే పాడు జేసిన్నా?" అంది ఆఖరుకు.

"మీరు జెయ్యలేదమ్మా. సారు ఎంతసేపో చెప్పకుండ పోయిండు."

అండాలమ్మ డ్రైవరు సీటు అంచున, కాళ్ళు బయట పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తుందేమోనని ఏసోబు భయపడ్డాడు. ఏడవలేదు. బండి తాళంచెవి ఊడదీసి చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఐదేండ్లు," అంది. "ఒక్కలంటె ఒక్కలు ఈ షెడ్డు దాక రాలే. ఒక్కలొచ్చినా చెప్పేటోళ్ళు గదా."

ఓదార్చడానికి తనెవరు అనుకున్నాడు ఏసోబు. ఆమె వకీలు గారి భార్య, తను బండి చూడడానికి వచ్చిన డ్రైవరు. కానీ ఆ మాట అతని గుండెలో సూటిగా దిగింది. తన ఇంట్లో కూడా రెండేళ్ళుగా గడప దాటి లోపలికి వచ్చినవాళ్ళు లేరు. వచ్చి ఉంటే, నువ్వు చేస్తున్నది ఇది తప్పు, ఇది ఒప్పు అని చెప్పేవాళ్ళేమో. బిక్షమ్మ గొంతు వినిపించే బండి ఏదైనా దొరికితే తను ఒక్క ఊదుబత్తితో ఆపేవాడా? కట్టలు కట్టలు కాల్చేవాడు, ఇంజను ముక్కలై ఊడిపడేదాకా.

ఆమె ఇత్తడి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టింది. ఏసోబు తాగాడు. కాలి పంపు సంచీలో సర్దుకున్నాడు. తమ్ముడి ఇంటికి ఎప్పుడు పోతారని అడిగితే ఇంకా పదమూడు రోజులుందని చెప్పింది. అక్కడ ఇల్లు పెద్దదే కానీ ఎవరి పనులు వాళ్ళవని, పిల్లలు బడికి పోతే సాయంత్రం దాకా ఎవరూ ఉండరని అంది. బండిని ఇనుము లెక్కన కొనేవాళ్ళుంటారా అని కూడా అడిగింది. ఉంటారన్నాడు ఏసోబు, తొందరపడి అడిగినంతకు ఇవ్వొద్దన్నాడు.

గేటు దాకా వచ్చి ఆమె ఆగింది.

"ఇయ్యాల పొద్దుగూకినంక స్టార్టు చెయ్యొద్దా ఇగ?"

డ్రైవరుగా చెప్పవలసిన జవాబు ఏసోబుకు తెలుసు. ఇరవై నాలుగేళ్ళలో అతను ఏ బండి విషయంలోనూ తప్పు సలహా ఇవ్వలేదు.

"చెయ్యుండ్రి అమ్మా," అన్నాడు. "ఇగ దానికి పొయ్యేదేం లేదు."

ఆమె తల ఊపింది. అతను వీధిలోకి దిగి నాలుగడుగులు వేశాక వెనక నుంచి పిలిచింది. ఏసోబు ఆగి తిరిగి చూశాడు. అండాలమ్మ గేటు కమ్మీ పట్టుకుని నిలబడింది.

"రేపు ఇంకోసారి ఒచ్చి సూస్తవా బండిని?"

చూడవలసింది ఏమీ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు. ఇనుప పుల్ల చూశారు, గోడ చూశారు, ఎత్తు దగ్గర సత్తా చూశారు. కొనేది లేదని తేలిపోయింది. ఏసోబు సంచీ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

"వస్తనమ్మా," అన్నాడు. "బండి కొనుడంటే ఒక్కనాడు తెగేది గాదు. పదిసార్లు సూస్కోవాలె."

ఆమె గేటు వెయ్యకుండానే లోపలికి వెళ్ళింది. బస్టాండులో బాలస్వామి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. బండి ఎలా ఉందని అతను అడిగాడు. ఇంకా ఏమీ అనుకోలేదని, రేపు కూడా రావాలని చెప్పి, ఏసోబు ముందు సీట్లో కూర్చున్నాడు.